వెయ్యి గజాల గురి, రెండు వేల డాలర్ల బడ్జెట్

ప్రశ్న: అన్నా, నేను టెక్సస్‌లో, ఫ్రిస్కోలో ఉంటాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. గ్రీన్ కార్డు వచ్చి ఏడాది దాటింది. మా టీములో ఒకాయన రెండుసార్లు షూటింగ్ రేంజికి తీసుకెళ్లాడు. 600 గజాల దూరంలో ఉన్న ఇనుప పలకకు నా గుండు తగిలి, రెండు సెకన్ల తర్వాత 'టింగ్' అని వినిపించింది. అప్పటి నుంచి అదే ధ్యాస. ఎప్పటికైనా 1000 గజాలు కొట్టాలని కోరిక. మొత్తం బడ్జెట్ 2000 డాలర్లు, అంతకు మించితే ఇంట్లో ఒప్పుకోరు. షాపులో అడిగితే .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ అనే పెద్ద తూటా తుపాకీ తీసుకోమన్నారు. నెట్‌లో అందరూ 6.5 క్రీడ్‌మోర్ అంటున్నారు. టీములో ఆయనేమో .308 చాలంటాడు. ఇంటికి పావుగంట దూరంలో 200 గజాల రేంజి, గంటన్నర దూరంలో 600 గజాల రేంజి ఉన్నాయి. నా ఫ్రెండ్ ఒకడు సగం డబ్బు వేస్తానంటున్నాడు, ఇద్దరం కలిసి వాడుకుంటాం. వాడిది ఇంకా హెచ్1బి. ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. ఏ తుపాకీ, ఏ క్యాలిబర్ (తూటా రకం) కొనమంటారు?

సమాధానం: తమ్ముడూ, క్యాలిబర్ సంగతి కాసేపు పక్కన పెడదాం. ఉత్తరం చివర్లో ఏదో మామూలు విషయంలా రాసేశారు చూడండి, ఫ్రెండ్ సగం డబ్బు వేస్తానన్నాడని, ముందు అది తేలాలి.

వద్దు. హెచ్1బి లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కొనడం మాత్రమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రేంజిలో అద్దె తుపాకీ చేతిలోకి తీసుకోవడం కూడా అందులోకే వస్తుంది. 'ఒక్క రౌండ్ కాల్చి ఇస్తా' అన్నా అంతే. చాలామంది మనవాళ్లకు ఈ సంగతి తెలియదు, వీకెండ్‌లో పదిమంది కలిసి రేంజికి వెళ్లి ఫొటోలు కూడా పెట్టేస్తుంటారు. చట్టంలో కొన్ని మినహాయింపులు ఉన్నాయి. ముఖ్యమైనది, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని హంటింగ్ లైసెన్సు చేతిలో ఉండటం. మీ ఫ్రెండ్‌కు నిజంగా ఆసక్తి ఉంటే ఆ దారి ఉంది. కానీ లైసెన్సు తీసుకున్నా సరే, ముందు ఇమిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడమనండి. గ్రీన్ కార్డు క్యూలో పదేళ్లుగా నిలబడ్డ మనిషి ఒక ఆదివారం సరదా కోసం అదంతా పణంగా పెట్టకూడదు.

డబ్బు సంగతి కూడా అంతే. కొనేటప్పుడు డీలర్ మీతో 4473 అనే ఫారం నింపిస్తాడు. ఈ తుపాకీ నిజంగా కొంటున్నది మీరేనా అని అందులో అడుగుతారు. కొనకూడని మనిషి డబ్బుతో, ఆ మనిషి కోసం కొంటూ అవునని సంతకం పెడితే అదే మరో నేరం. మీకు గ్రీన్ కార్డు ఉంది కాబట్టి మీరు కొనుక్కోవచ్చు, ఫారంలో మీ ఏలియన్ నంబరు రాయాలి, అంతే. మీ ఆవిడ స్టేటస్ ఏమిటో రాయలేదు. ఆవిడ ఇంకా తాత్కాలిక వీసా మీదే ఉంటే తుపాకీ పెట్టె తాళం, కోడ్ మీ ఒక్కరి దగ్గరే ఉండాలి.

ఇక అసలు విషయం.

ఈ సరదాలో దిగిన కొత్తలో నేనూ .300 మ్యాగ్నమే కొన్నాను. కౌంటర్ వెనక ఉన్న పెద్దమనిషి మీకు చెప్పినట్టే నాకూ చెప్పాడు. పెద్ద తూటా చేతిలో పెట్టి చూపించాడు, నేను పడిపోయాను. మొదటి రోజు ఇరవై రౌండ్లు కాల్చేసరికి భుజం కమిలింది. అది నాలుగు రోజుల్లో తగ్గిపోయింది గానీ, ట్రిగర్ మీద వేలు పెట్టగానే కళ్లు వాటంతటవే మూసుకుపోవడం మొదలైంది. దాన్ని ఇక్కడివాళ్లు ఫ్లించ్ అంటారు. తుపాకీ తన్నకముందే ఒళ్లు తన్నుకు సిద్ధమైపోతుంది, గురి చెదురుతుంది. చిన్నప్పుడు ఎద్దు తన్నిన మనిషి కొట్టం దగ్గరికి వెళ్లాలంటేనే జంకుతాడు చూడండి, అలాగ. నాలుగు నెలలకు ఆ తుపాకీని సగం ధరకు అమ్మేశాను. ఫ్లించ్ పోవడానికి ఏడాది పట్టింది. అది కూడా ఒక చిన్న .22 తుపాకీ వల్ల పోయింది.

కొత్తవాళ్లందరూ తుపాకీ ధర చూస్తారు. తుపాకీ ఒక్కసారే కొంటారు, తూటాలు ప్రతి వారం కొంటారు. లెక్క వేద్దాం. నెలకు రెండుసార్లు వెళ్లి, వెళ్లినప్పుడల్లా 60 రౌండ్లు కాల్చారనుకోండి. నెలకు 120, ఏడాదికి 1440. ఈ మధ్య నేను కొంటున్న ధరల్లో 6.5 క్రీడ్‌మోర్ మ్యాచ్ తూటా, అంటే పోటీల కోసం చేసే రకం, ఒకటి డాలరు ఎనభై సెంట్ల దాకా పడుతోంది. అంటే ఏడాదికి దాదాపు 2600 డాలర్లు. .308 కూడా ఇంచుమించు అంతే. .300 మ్యాగ్నమ్ అయితే రౌండ్‌కు మూడు డాలర్లు వేసుకోండి, 4300 దాటుతుంది. .223 మ్యాచ్ తూటా డాలరు చిల్లర. వీటిలో అన్నిటికంటే చిన్నది .22 ఎల్ఆర్, మంచి తూటా పదిహేడు సెంట్లు, ఏడాదికి 250 డాలర్లలో అయిపోతుంది. ధరలు వారం వారం మారుతుంటాయి గానీ ఈ వరుస మాత్రం ఎప్పుడూ మారలేదు. మీ 2000 బడ్జెట్ తుపాకీకా, మొత్తం సరదాకా? ఇంట్లో ఒప్పించింది మొత్తానికే అయితే, మీరు .300 కొన్నరోజే ఆ ఒప్పందం బద్దలైనట్టు.

పైగా బ్యారెల్ అరుగుతుంది. 6.5 క్రీడ్‌మోర్ బ్యారెల్ గురి చెడకుండా రెండు నుంచి మూడు వేల రౌండ్లు పనిచేస్తుంది. .308 అయిదు వేలు దాటినా నిలబడుతుంది. పెద్ద మ్యాగ్నమ్‌లలో నిప్పు ఎక్కువ, బ్యారెల్ ఆయుష్షు తక్కువ.

క్యాలిబర్లను ఒక్కొక్కటిగా చూద్దాం. .308 విన్‌చెస్టర్ 1952లో వచ్చింది. దాని తోబుట్టువు 7.62x51 నాటో సైన్యాల తూటా. ఎక్కడైనా దొరుకుతుంది, బ్యారెల్ తొందరగా అరగదు. నేర్చుకోవడానికి మంచిదే. దూరం వెళ్లేకొద్దీ దాని బండారం బయటపడుతుంది. 175 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) మ్యాచ్ బుల్లెట్ 1000 గజాల దగ్గరికి వెళ్లేసరికి ధ్వని వేగం దాకా పడిపోతుంది. ఆ గీత దాటేటప్పుడు బుల్లెట్ కొద్దిగా తడబడుతుంది, పాత 168 గ్రెయిన్ల రకమైతే ఇంకా ముందే. .308 కొనడానికి నాకు తెలిసిన గట్టి కారణం ఒక్కటే, ఎఫ్-క్లాస్ అనే దూరపు గురి పోటీల్లో ఎఫ్-టిఆర్ అనే విభాగం ఉంది, అందులో .223, .308 తప్ప మరొకటి ఒప్పుకోరు. అందులో దిగాలని ఉంటే టీములో మీ మిత్రుడి మాట వినండి.

6.5 క్రీడ్‌మోర్‌ను హార్నడీ కంపెనీ 2007లో తెచ్చింది. ఆ పేరు వెనక ఒక పాత మైదానం ఉంది. న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలండ్‌లో క్రీడ్‌మోర్ అనే రేంజి 1873లో తెరిచారు. మరుసటి ఏడాది అక్కడ అమెరికా, ఐర్లండ్ జట్లు 800, 900, 1000 గజాల మీద పోటీపడ్డాయి. అమెరికా మూడంటే మూడు పాయింట్ల తేడాతో గెలిచింది. ఐర్లండ్ జట్టులో ఒకాయన కొట్టిన చక్కని గుండు పక్కవాళ్ల టార్గెట్ మధ్యలో పడింది, అది సున్నా కింద లెక్క. 600 గజాల రేంజిలో పది టార్గెట్లు వరసగా ఉన్నప్పుడు మీరూ ఏదో ఒక రోజు ఆ పని చేస్తారు. చేసినప్పుడు ఆయన గుర్తుకొస్తాడు.

ఈ తూటాలో కొత్త మంత్రమేమీ లేదు. సన్నగా పొడుగ్గా ఉండే బుల్లెట్ గాలిని తేలిగ్గా చీల్చుకుని పోతుంది, తుపాకీ .308 కంటే తక్కువ తంతుంది. 100 గజాలకు గురి సరిచేసిన తుపాకీతో 1000 గజాలకు కాలిస్తే 6.5 బుల్లెట్ సుమారు 25 అడుగులు కిందికి జారుతుంది. .308 అయితే 34 అడుగుల పైమాటే. జారడం పెద్ద సమస్య కాదు. దూరం తెలిస్తే లెక్క తెలుస్తుంది, స్కోప్ తిప్పుకోవచ్చు. దెబ్బ తీసేది గాలి. పక్క నుంచి గంటకు 10 మైళ్ల గాలి వీస్తుంటే 1000 గజాల దగ్గర 6.5 సుమారు 70 అంగుళాలు పక్కకు పోతుంది, .308 దాదాపు 100 అంగుళాలు. డాలస్ చుట్టుపక్కల 10 మైళ్ల గాలి లేని మధ్యాహ్నం ఎప్పుడైనా చూశారా?

.223ని చాలామంది చిన్నచూపు చూస్తారు. బ్యారెల్ లోపలి మెలిక 8 అంగుళాలకు ఒక చుట్టు, అంటే 1:8 ఉన్నది తీసుకుంటే 75, 77 గ్రెయిన్ల బరువైన బుల్లెట్లు కాల్చుకోవచ్చు, 600 గజాలు హాయిగా కొడుతుంది. 1:12 మెలిక ఉన్నది చవగ్గా వచ్చిందని కొంటే ఆ బరువు బుల్లెట్లు నిలకడగా పోవు. పెట్టె మీద ఆ నంబరు చూడకుండా డబ్బు కట్టకండి.

ఒక్క తుపాకీయే, జన్మలో మరొకటి కొననంటే 6.5 క్రీడ్‌మోర్. ఇందులో నాకు అనుమానం లేదు. అయినా మీ ఉత్తరంలో ఉన్న రెండు రేంజీలను చూస్తే మీకు అది ఈ ఏడాది వద్దంటాను.

ఎందుకో చెప్తాను. .22 ఎల్ఆర్ అంటే పిల్లల తుపాకీ అని అందరికీ లోకువ. దాని గుండు 40 గ్రెయిన్లు, ధ్వని కంటే నెమ్మదిగా, సెకనుకు 1070 అడుగుల వేగంతో బయల్దేరుతుంది. 50 గజాలకు సరిచేసి 200 గజాలకు కాలిస్తే దాదాపు అయిదు అడుగులు జారుతుంది. 10 మైళ్ల గాలికి దాదాపు 14 అంగుళాలు పక్కకు పోతుంది. 200 గజాల దగ్గర 14 అంగుళాలంటే కోణంలో దాదాపు 2 మిల్ (ఈ కొలత సంగతి కిందే చెప్తాను). ఇందాక చెప్పిన 6.5 క్రీడ్‌మోర్ 1000 గజాల దగ్గర 70 అంగుళాలు పోతుంది కదా, అదీ దాదాపు 2 మిల్లే! మీ ఇంటికి పావుగంట దూరంలో ఉన్న ఆ 200 గజాల రేంజి, గాలి చదవడం నేర్చుకోవడానికి, మీరు కలలు కంటున్న 1000 గజాల రేంజితో సమానం. రౌండ్‌కు పదిహేడు సెంట్లు. తన్ను లేదు. గుండు ఎక్కడ పడిందో స్కోప్‌లోంచి మీరే చూసుకోవచ్చు.

మిల్ అంటే కొత్తగా ఉంటే కంగారుపడకండి. 100 గజాల దగ్గర 3.6 అంగుళాలు, 1000 గజాల దగ్గర 36 అంగుళాలు, అదే ఒక మిల్. ఎంఓఏ అని ఇంకో కొలత ఉంది, అది 100 గజాలకు అంగుళం కంటే పిసరంత ఎక్కువ. రెండిట్లో ఏదైనా ఒకటి పట్టుకోండి, స్కోప్ లోపలి గీతలు, పైన తిప్పే గుండీ రెండూ అదే కొలతలో ఉండాలి. చవక స్కోపుల్లో గీతలు మిల్‌లో, గుండీ ఎంఓఏలో ఉన్నవి కూడా ఉన్నాయి. రేంజిలో నిలబడి ఎక్కాలు వల్లించుకోవాల్సి వస్తుంది.

మరి డబ్బు ఎలా సర్దుకోవాలి? ఇప్పుడు ఒక బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకూ చేత్తో బోల్టు లాగేది) .22, దానిమీద మంచి స్కోప్. వచ్చే ఏడాది అదే స్కోప్‌ను ఊడదీసి 6.5 తుపాకీ మీదికి మార్చండి. స్కోప్ ఒక్కటే, తుపాకీలు రెండు. .22లో చెక్ దేశపు సీజెడ్ 457 నాకు ఇష్టం, 500 నుంచి 600 మధ్యలో దొరుకుతుంది. ఇంకా తక్కువలో కావాలంటే శావేజ్ బి22 ఉంది, 400కు అటూ ఇటూ. అందం తక్కువ, గురికి ఢోకా లేదు. సీజెడ్ మీద స్కోప్ బిగించే గాడి 11 మిల్లీమీటర్ల పాత పద్ధతిలో ఉంటుంది. దానిమీద పికటినీ రైలు (స్కోప్ రింగులు బిగించే గాళ్ల పట్టీ) ఒకటి వేయించుకుంటే రేపు స్కోప్ మార్చేటప్పుడు కొత్త రింగులు కొనక్కర్లేదు.

స్కోప్‌కు 400 దాకా పెట్టండి, తగ్గించకండి. వోర్టెక్స్ డైమండ్‌బ్యాక్ టాక్టికల్, అథ్లాన్ ఆర్గోస్ బీటీఆర్, ఆర్కెన్ వాళ్లవి ఈ ధరలో బాగున్నాయి. జూమ్ అంకె చూసి మోసపోవద్దు, 24 రెట్లు ఉన్నా ఎండాకాలం మధ్యాహ్నం నేల మీద వేడి అలల్లో 12 దాటితే ఏమీ కనపడదు. చూడాల్సినవి రెండే. గుండీ పది క్లిక్‌లు పైకి తిప్పి పది కిందికి తిప్పితే కచ్చితంగా మొదటి చోటుకే రావాలి. ఫోకస్ 25 గజాల దాకా దిగాలి, లేకపోతే .22కు దగ్గరి టార్గెట్లు మసకగా కనిపిస్తాయి.

మిగిలినవి: బైపాడ్ (తుపాకీ ముందు భాగానికి రెండు కాళ్ల స్టాండు) వందకు పైన, వెనక పెట్టుకునే ఇసుక సంచి నలభై, రింగులు అరవై, చెవులకు మఫ్స్, ప్లగ్గులు, కళ్లద్దాలు కలిపి యాభై, మొదటి వెయ్యి రౌండ్లు 170. ఫ్రిస్కోలో టాక్స్ 8.25 శాతం, మర్చిపోకండి. ఇసుక సంచి ఊరికే కొనక్కర్లేదు, పాత జీన్స్ కాలు కోసి రెండు వైపులా కుట్టి బియ్యం పోసుకోవచ్చు. నేను మొదటి ఏడాది అలాగే చేశాను. వానలో తడిసి మొలకలు వస్తాయేమోనని మా ఆవిడ వేళాకోళం చేసేది. అన్నీ కలిపి 1300 నుంచి 1550లో అయిపోతుంది. మిగిలిన అయిదారు వందలు రూగర్ అమెరికన్ ప్రెడేటర్ లాంటి 6.5 క్రీడ్‌మోర్‌కు దాచండి. అదీ ఆ చుట్టుపక్కలే దొరుకుతుంది.

రూగర్ అమెరికన్‌ను చూస్తే కళ్లకు ఏమీ అనిపించదు. భుజానికి ఆనించే కర్ర ప్లాస్టిక్‌ది, బోల్టు కాస్త గరగరలాడుతుంది. కానీ మంచి తూటాతో ఒక ఎంఓఏకు దగ్గర్లో గుండ్లు పెడుతుంది. జపాన్‌లో చేసే హోవా 1500 దానికంటే మెత్తగా నడుస్తుంది. ఇంకో నాలుగైదు వందలు పెట్టగలిగితే ఫిన్లాండ్ టిక్కా టీ3ఎక్స్, స్పెయిన్ బెర్గారా బి-14 ఉన్నాయి. టిక్కా బోల్టు ఒకసారి లాగి చూశాక మిగతావి చేతికి రావు, అందుకే డబ్బు లేనప్పుడు ఆ కౌంటర్ వైపు వెళ్లకండి. సెకండ్‌హ్యాండ్‌లో ఇవి చాలా దొరుకుతాయి, వేటగాళ్లు ఏడాదికి పది రౌండ్లు కాల్చి అమ్మేస్తుంటారు. ఎన్ని రౌండ్లు కాల్చారో అడగండి, పోటీల్లో వాడినదైతే బ్యారెల్ అయిపోయి ఉంటుంది. ఆన్‌లైన్‌లో కొంటే తుపాకీ మీ ఇంటికి రాదు, లైసెన్సు ఉన్న డీలరు దగ్గరికి వస్తుంది. అక్కడ ఫారం నింపి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక తెచ్చుకోవాలి, ఆయనకు కొంత ఫీజు.

'చవక తుపాకీతో 1000 గజాలు సాధ్యమేనా' అని మనసులో పీకుతుంటే ఇది చూడండి. ఒక ఎంఓఏ తుపాకీ 1000 గజాల దగ్గర గుండ్లన్నీ పది అంగుళాల వలయంలో వేస్తుంది. మూడింతల డబ్బు పోసి అర ఎంఓఏ తుపాకీ కొంటే ఆ వలయం అయిదు అంగుళాలు అవుతుంది. లాభం అంతే. గాలి 8 మైళ్లుంటే మీరు 10 అనుకున్నారనుకోండి, ఆ రెండు మైళ్ల పొరపాటుకే గుండు 14 అంగుళాలు పక్కకు పోతుంది. ఆ పొరపాటు ఖరీదైన తుపాకీ కొంటే తగ్గదు. గడ్డి ఎటు వాలుతోంది, వేడి అలలు ఎటు పారుతున్నాయి, చెంప మీద గాలి ఎంత తగులుతోంది అని చూసి, గాలి ఇంత అని పైకి పలికి, కాల్చి, తప్పి, మళ్లీ పలికితే తగ్గుతుంది. పల్లెలో తూర్పార పట్టినవాళ్లకు ఈ విద్య కొంత వచ్చి ఉంటుంది. చేటలోంచి గింజ పడే ముందు గాలి కోసం ఆగుతారు కదా.

దూరమే కష్టమనుకోవద్దు. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్‌కు 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం వచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. ఆ టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. అక్కడ గాలి లేదు, తన్ను లేదు, ఉన్నదంతా ఊపిరి, వేలు. ఇంట్లో ఖాళీ తుపాకీతో రోజూ పది నిమిషాలు ట్రిగర్ నొక్కడం సాధన చేయండి. తూటాలు వేరే గదిలో ఉండాలి, చాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి మరీ మొదలుపెట్టాలి. .22 తుపాకీల్లో కొన్నిటిని ఉత్తినే నొక్కితే లోపలి సూది పాడవుతుంది, మీ మాన్యువల్ ఏమంటుందో ముందు చదవండి.

కొత్తవాళ్లు చేసే ఇంకో పని, నెట్‌లో చూసి మూడు రౌండ్లు కాల్చి, అవి దగ్గర దగ్గరగా పడితే ఫొటో తీసి 'నా తుపాకీ అర ఎంఓఏ' అనడం. పది కాల్చండి. పది కాలిస్తే నిజం తెలుస్తుంది, ఫొటో పెట్టబుద్ధి కాదు. .22లో ప్రతి తుపాకీకి ఒక రకం తూటా నచ్చుతుంది, మిగతావి నచ్చవు. సీసీఐ స్టాండర్డ్, ఎస్‌కే స్టాండర్డ్ ప్లస్, ఇంకేదైనా ఒకటి తలా ఒక డబ్బా కొని, ఒకే రోజు ఒకే గాలిలో కాల్చి చూడండి. ఏది నచ్చిందో ఆ రకం, అదే లాట్ నంబరు (ఒకే విడతలో తయారైనవి), ఒకేసారి ఎక్కువ కొనేయండి. బాలిస్టిక్స్ లెక్కకు, అంటే గుండు ఎంత జారుతుందో, ఎంత పక్కకు పోతుందో లెక్కకు, హార్నడీ వాళ్ల యాప్ ఉచితం, గాలి కొలిచే ఖరీదైన పరికరం ఇప్పుడే అక్కర్లేదు.

మీ దగ్గర్లో ఎన్ఆర్ఎల్22 పోటీలు ఏ క్లబ్బు పెడుతోందో కనుక్కోండి. .22 తుపాకీలతో, 100 గజాల లోపే, డబ్బాల మీద, నిచ్చెనల మీద ఆనించి టైము పెట్టి కాల్పిస్తారు. చవక తుపాకీలకు ధర పరిమితితో ఒక విభాగం కూడా ఉంది. మొదటి పోటీలో చివరి నుంచి రెండోవాడిగా వచ్చాను నేను. కానీ బెంచి మీద ఆరు నెలల్లో నేర్చుకోనిది ఆ ఒక్క పూటలో నేర్చుకున్నాను.

1000 గజాలు ఎప్పుడు? 600 గజాల రేంజిలో 6.5తో ఒక సీజన్ గడిచాక, న్యూ మెక్సికోలో రాటన్ దగ్గర ఎన్ఆర్ఏ విటింగ్టన్ సెంటర్ అనే పెద్ద షూటింగ్ రేంజి ఉంది, కారులో ఒక రోజు ప్రయాణం. అక్కడ 1000 గజాలూ ఉంది, అంతకు మించీ ఉంది. ఆరు వేల అడుగులకు పైగా ఎత్తులో ఉంటుంది. గాలి పలచన కాబట్టి ఫ్రిస్కోలో వేసుకున్న లెక్కలతో కాలిస్తే గుండు టార్గెట్ పైనుంచి పోతుంది. యాప్‌లో ఎత్తు మార్చడం మర్చిపోయి ఒక పూటంతా తుపాకీని తిట్టుకున్నవాణ్ణి చూశాను. ఎవరో చెప్పను.

పాప సంగతి. తుపాకీ కొనే రోజే ఇనుప పెట్టె కొనండి, తర్వాత కాదు. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకు లోడ్ చేసిన తుపాకీ అందేలా వదిలేయడం నేరం. చట్టం లోడ్ చేసిన దాని గురించే మాట్లాడినా, మీరు మాత్రం తుపాకీ ఒక తాళంలో, తూటాలు వేరే తాళంలో పెట్టండి. బీరువా పైన బట్టల కింద దాచితే ఆరేళ్ల పిల్లకు దొరకదనుకోవద్దు, పండగకు కొన్న గిఫ్టు ఎక్కడ దాచినా కనిపెట్టేది వాళ్లే. తూటాల్లో సీసం ఉంటుంది కాబట్టి రేంజి నుంచి రాగానే చల్లటి నీళ్లతో సబ్బు పెట్టి చేతులు, ముఖం కడుక్కుని, చొక్కా మార్చి, అప్పుడు పాపను ఎత్తుకోండి. బూట్లు గ్యారేజీలోనే విడవండి.

ఇంకొకటి, ఇది ఎవరూ చెప్పరు. రేంజికి వాడే బ్యాగు రేంజికే ఉంచండి. ఇండియా ప్రయాణానికి ఆ బ్యాక్‌ప్యాక్ వాడొద్దు. ఏదో అరలో, కుట్టు సందులో ఒక్క .22 తూటా ఇరుక్కుని ఉండిపోయినా, శంషాబాద్‌లో స్కానర్ పట్టుకుంటే అది ఆయుధాల చట్టం కేసు. మర్చిపోయానంటే వినరు, లాయరు, కోర్టు, పాస్‌పోర్టు టెన్షన్. నా రేంజి బ్యాగు ముదురు నారింజ రంగుది, సూట్‌కేసుల పక్కన పెట్టినా పొరపాటున చేతికి రాకూడదని ఏరికోరి కొన్నాను.